చేస్తుండగా చూడండి: మానసిక వైద్యంలో ఆక్యుపేషనల్ థెరపీ అసెస్‌మెంట్ ఎలా చేయాలి

వార్డులో మీరు "ఓటీ నుంచి వచ్చాను" అంటే సగంమంది ఆపరేషన్ థియేటర్ అనుకుని కంగారుపడతారు. మిగతా సగం బుట్టలు అల్లించే మాస్టారు వచ్చారనుకుంటారు. మానసిక వైద్యంలో కొత్తగా చేరిన థెరపిస్టుకైనా, పోస్టింగుకు వచ్చిన విద్యార్థికైనా మొదటి చిక్కు ఇదే. తాను దేనికి వచ్చాడో ఒక్క వాక్యంలో చెప్పడం రాదు. ముందు ఆ వాక్యం సిద్ధం చేసుకోండి. నేను చెప్పేది ఇది: "జబ్బు వల్ల మీ రోజులో ఏ పనులు ఆగిపోయాయో చూసి, వాటిని మళ్ళీ మొదలుపెట్టడానికి సాయం చేస్తాను."

సైకియాట్రిస్ట్ జబ్బుకు పేరు పెడతారు. అదే పేరున్న జబ్బుతో ఇద్దరొస్తారు. ఒకరు ఉద్యోగానికి వెళ్ళొస్తుంటారు, ఇంకొకరు మంచం దిగరు. ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే మన పని. అది మాటల్లో సగమే దొరుకుతుంది. మిగతా సగం, మనిషి ఏదైనా చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

కలవడానికి ముందు

కేసు షీటు చదవండి. కానీ డయాగ్నసిస్ దగ్గరే ఆగిపోకండి. ఎవరితో ఉంటున్నారు, ఎంతవరకు చదివారు, జబ్బుకు ముందు ఏం పని చేసేవారు, చూపు, వినికిడి ఎలా ఉన్నాయి, ఎప్పుడైనా ఆత్మహత్యా ప్రయత్నం జరిగిందా, ఎవరినైనా కొట్టారా అన్నవి రాసుకోండి. ఇవి లేకుండా వెళ్తే వినపడని మనిషిని "స్పందించడం లేదు" అని రాసేస్తారు.

తర్వాత మందుల పట్టిక. మనవాళ్ళు చాలామంది దీన్ని దాటేస్తారు, తప్పు. యాంటీసైకోటిక్ మందుల వల్ల మత్తు రావచ్చు, కండరాలు బిగుసుకోవచ్చు, చేతులు వణకవచ్చు. కొందరికి ఒకచోట కుదురుగా కూర్చోలేని తహతహ పుడుతుంది. దాన్ని అకతీసియా అంటారు. చూసేవాళ్ళకు అది అచ్చం ఆందోళనలా, కొన్నిసార్లు మొండితనంలా కనిపిస్తుంది. లిథియం వాడేవారిలో సన్నటి వణుకు మామూలే. నిద్రకు, ఆందోళనకు ఇచ్చే బెంజోడయజపీన్లు జ్ఞాపకాన్ని, చురుకుదనాన్ని మందగింపజేస్తాయి. మందు వేసుకున్న గంటలోపు కూర్చోబెట్టి పరీక్షిస్తే మీరు కొలిచేది మందును, మనిషిని కాదు. ఈసీటీ (కరెంటు షాకు చికిత్స) ఇచ్చిన రోజు అసెస్‌మెంట్ పెట్టుకోకండి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న చాలామందికి పొద్దున పూట మరీ భారంగా ఉండి, సాయంత్రానికి కొంచెం తేలిక పడుతుంది. కాబట్టి ఎన్ని గంటలకు చూశారో రిపోర్టులో రాయాలి.

చివరగా నర్సును అడగండి. రాత్రి నిద్రపోయారా, తిన్నారా, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా? మనం నలభై నిమిషాలు చూస్తాం. వాళ్ళు రోజంతా చూస్తారు.

మొదటి కలయిక

ఇరవై నిమిషాలు చాలు. ఎదురెదురుగా కుర్చీలు వేస్తే విచారణలా ఉంటుంది. కొంచెం పక్కవాటుగా కూర్చోండి. తలుపు దారికి మీరు అడ్డం కాకుండా, వాళ్ళూ మీకు అడ్డం కాకుండా చూసుకోండి. వయసుతో సంబంధం లేకుండా "మీరు", "గారు" అనే మొదలుపెట్టండి. వార్డు బట్టలు తొడిగిన క్షణం నుంచి పెద్దవాళ్ళను కూడా "నువ్వు" అనేయడం చాలా తేలిగ్గా అలవాటైపోతుంది. మనిషికి తన పూర్వపు గౌరవం గుర్తుచేయడానికి థెరపీ కన్నా ముందు ఆ ఒక్క మాట పనిచేస్తుంది.

మీరెవరో చెప్పి, మాట్లాడటం ఇష్టమేనా అని అడగండి. గోప్యత గురించి అప్పుడే చెప్పేయండి: "మీరు చెప్పేది చికిత్స చేసే బృందం దాటి బయటకు వెళ్ళదు. ఒకవేళ మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం నేను డాక్టరుగారికి చెప్పాల్సి ఉంటుంది." ఈ మాట ముందు దాచిపెట్టి, తర్వాత అవసరపడి బయటపెడితే నమ్మకం పోతుంది.

"మీ సమస్య ఏమిటి?" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు వాళ్ళు అప్పటికే నలుగురికి జవాబిచ్చి ఉంటారు. ఐదోసారి మీకూ అదే అరిగిపోయిన జవాబు వస్తుంది. ఇలా అడగండి: "నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం చేశారో వరసగా చెప్పండి." చెప్తుంటే గంటలవారీగా రాసుకోండి. మధ్యలో ఖాళీలు వస్తాయి. "పదింటి నుంచి రెండింటి దాకా?" అని నెమ్మదిగా అడిగితే "ఏమీ లేదు, అలా పడుకునే ఉన్నా" అంటారు. అది విలువైన సమాచారం. ఆ తర్వాత రెండో ప్రశ్న: "జబ్బు రాకముందు ఒక మామూలు రోజు ఎలా గడిచేది?" పేజీకి ఎడమవైపు ఆ రోజు, కుడివైపు నిన్నటి రోజు రాయండి. రెండు వరసల మధ్య ఉన్న దూరమే మీరు పని చేయాల్సిన చోటు. ఏ ముద్రించిన ఫారమూ లేకపోయినా ఈ ఒక్క కాగితంతో మీరు బృంద సమావేశంలో ధైర్యంగా కూర్చోవచ్చు.

కొందరు అసలు మాట్లాడరు. ప్రశ్నలు పెంచకండి. పక్కన కూర్చుని ఏదైనా పని మొదలుపెట్టండి. దుప్పట్లు మడతపెట్టండి, రంగు కాగితాలు కత్తిరించండి. రెండో కొస పట్టుకుంటారేమో చూడండి. మాట్లాడలేని, మాట్లాడని వారిలో పని చేయాలన్న ఇచ్ఛ ఎంతుందో ఇలా చూసి కొలవడానికే వొలిషనల్ క్వశ్చనేర్ అనే సాధనం ఉంది. పేరులో ప్రశ్నావళి అని ఉన్నా అందులో రోగిని అడిగే ప్రశ్న ఒక్కటీ ఉండదు. 14 అంశాలను గమనించి, ఒక్కోదానిలో మనిషి నిష్క్రియంగా ఉన్నాడా, తటపటాయిస్తున్నాడా, పాలుపంచుకుంటున్నాడా, తనంతట తానే చేస్తున్నాడా అని నాలుగు మెట్లలో గుర్తిస్తాం.

ఇంట్లోవాళ్ళతో విడిగా, రోగి అనుమతితో మాట్లాడండి. "ఏం చేయడం లేదు?" అని అడిగితే ఫిర్యాదుల చిట్టా వస్తుంది. "తనంతట తాను చివరిసారి ఏ పని చేశాడు? అప్పుడు ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగి చూడండి. దారి దొరికేది అక్కడే. ఇంట్లోవాళ్ళ కోరిక, రోగి కోరిక కలవకపోవడం మామూలే. తల్లి ఉద్యోగం అంటుంది, కొడుకు రాత్రి నిద్రపడితే చాలంటాడు. రెండూ రాయండి. ఎవరి మాట ఏదో స్పష్టంగా రాయండి.

స్నానం చేయడం లేదు, ఎందుకు?

ఇక్కడ ఒక చట్రం కావాలి. లేకపోతే చూసినవన్నీ చెల్లాచెదురుగా ఉండిపోతాయి. మానసిక వైద్యంలో ఎక్కువగా వాడేది గ్యారీ కీల్‌హాఫ్నర్, ఆయన సహచరులు 1980లో ప్రచురించిన మోడల్ ఆఫ్ హ్యూమన్ ఆక్యుపేషన్. పొట్టిగా మోహో అంటారు. దాని సారాంశం నాలుగు మాటలు: ఇచ్ఛ, అలవాటు, సామర్థ్యం, పరిసరం. పుస్తకంలో చదివితే పొడిగా ఉంటుంది. ఒక మామూలు ఫిర్యాదు మీద పెట్టి చూడండి.

"పది రోజులైంది, స్నానం చేయడం లేదు." నర్సింగ్ నోట్సులో మీకు రోజూ కనిపించే వాక్యం. దీనికి నాలుగు రకాల కారణాలుండొచ్చు.

ఒకాయనకు చేయాలనే లేదు. "చేసి ఎవరికి చూపించాలి?" అంటాడు. తన మీద తనకు విలువ పోయింది, చేయగలనన్న నమ్మకమూ పోయింది. ఇది ఇచ్ఛకు సంబంధించిన చిక్కు. ఈయనకు సబ్బు, తువ్వాలు అందించి లాభం లేదు. ఎవరో వస్తున్నారనో, ఎక్కడికో వెళ్ళాలనో ఒక కారణం కావాలి. మరొకావిడకు చేయాలనే ఉంది. కానీ ఉద్యోగం పోయాక పొద్దున ఆరింటికి లేవాల్సిన పని లేదు, ఎనిమిదింటికి బయల్దేరాల్సిన పని లేదు. స్నానం వేలాడుతున్న కొక్కెమే ఊడిపోయింది. ఇది అలవాటు చిక్కు. ఆమెకు రోజులో ఏదో ఒక స్థిరమైన సమయం, దానికి ముందూ వెనకా పనులు కావాలి. మూడో మనిషి బాత్రూంలోకి వెళ్తాడు, నీళ్ళు తిప్పుతాడు, తర్వాత ఏం చేయాలో తోచక నిలబడి వెనక్కి వచ్చేస్తాడు. ఇది సామర్థ్యం చిక్కు. పని వరసను నిలబెట్టుకునే శక్తి దెబ్బతింది. గోడ మీద అంటించిన నాలుగు బొమ్మల వరస ఈయనకు పనికొస్తుంది. నాలుగో ఆమె స్నానానికి భయపడుతోంది. వార్డు బాత్రూం గడియ ఊడిపోయి ఉంది, ఎవరైనా తోసుకు రావచ్చు. ఇది పరిసరం చిక్కు. ఆమెకు థెరపీ అక్కర్లేదు, గడియ కావాలి.

నాలుగు కేసు షీట్లలోనూ ఉన్నది అదే వాక్యం. చికిత్స మాత్రం నాలుగు రకాలు. "స్వీయ సంరక్షణ తక్కువగా ఉంది, ఏడీఎల్ (రోజువారీ సొంత పనుల) ట్రైనింగ్ ఇవ్వాలి" అని రాసిన రిపోర్టు చూస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే. ఆ మాట రాయడానికి థెరపిస్టు ఎందుకు?

ఏ సాధనం తీసుకోవాలి

రెండు చాలు, ఏడు వద్దు. మొదటిది మీరు చూసి నింపేది, రెండోది రోగి మాటను పట్టుకునేది.

చూసి నింపే వాటిలో, మోహో చట్రం మీదే కట్టిన మోహోస్ట్ వీలుగా ఉంటుంది. ఆరు భాగాలు, ఒక్కోదానిలో నాలుగు చొప్పున 24 అంశాలు. పని మీద ప్రేరణ, దినచర్య తీరు, మాట్లాడటం కలవడం, పనిని నడిపించుకునే నైపుణ్యం, కదలికలు, పరిసరం. ప్రతి అంశానికీ నాలుగు మార్కుల్లో ఒకటి: పనికి తోడ్పడుతోంది, పరవాలేదు, అడ్డుపడుతోంది, ఆపేస్తోంది. బలాలు కూడా ఇందులో కనిపిస్తాయి. లోపాల జాబితాతో విసిగిన బృందానికి అదొక ఊరట.

రోగి మాట కోసం కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్, సీఓపీఎం. 1991లో వచ్చింది. తన సంరక్షణ, ఉత్పాదక పని, తీరిక అన్న మూడు రంగాల్లో ఇబ్బందిగా ఉన్న పనులేమిటో రోగే చెప్తారు. ఒక్కోటీ ఎంత ముఖ్యమో 10కి మార్కులు వేస్తారు. వాటిలో ఐదింటి దాకా ఎంచుకుని, ఇప్పుడు ఎలా చేస్తున్నారో, దానితో ఎంత తృప్తిగా ఉన్నారో మళ్ళీ 10కి మార్కులు వేస్తారు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ అడుగుతారు. సగటున 2 మార్కులు పెరిగితే అర్థవంతమైన మార్పుగా లెక్కిస్తారు. బాగా భ్రమల్లో ఉన్నవారితో, ఉన్మాద (మేనియా) దశలో "అన్నీ పదే!" అనేవారితో ఇది నడవదు. కాస్త కుదుటపడేదాకా ఆగండి.

మిగతావి అవసరాన్ని బట్టి. తనకేది ఇష్టమో కూడా మర్చిపోయిన మనిషికి జానిస్ మట్సుట్సుయు 1969లో ప్రచురించిన ఇంట్రెస్ట్ చెక్‌లిస్ట్ లాంటిది ఉపయోగపడుతుంది. కార్మికుడు, విద్యార్థి, స్నేహితుడు లాంటి పాత్రల్లో ఏవి పోయాయో, ఏవి మళ్ళీ కావాలో తేల్చుకోవడానికి రోల్ చెక్‌లిస్ట్ ఉంది. క్లాడియా అలెన్ పేరుతో ఉన్న పరీక్షలో తోలు ముక్కకు తాడు కుట్టమంటారు. కుట్లు మూడు రకాలు, ఒకదానికన్నా ఒకటి కష్టం. కొత్త పని ఎంతవరకు నేర్చుకోగలరో తొందరగా అంచనా వేయడానికి పనికొస్తుంది. కానీ చూపు మందగించినవారికి, చేతులు వణికేవారికి తక్కువ స్కోరు వస్తుందని మర్చిపోకండి. ఆంప్స్ (అసెస్‌మెంట్ ఆఫ్ మోటార్ అండ్ ప్రాసెస్ స్కిల్స్) చాలా సూక్ష్మమైన సాధనం, 16 కదలిక నైపుణ్యాలు, 20 పని నడిపే నైపుణ్యాలు చూస్తుంది. ప్రత్యేకంగా శిక్షణ పొందితే తప్ప దాని స్కోరు ఇవ్వకూడదు.

ఒక హెచ్చరిక. ఇంగ్లీషు ఫారంలోని ప్రశ్నను అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి అడిగితే అది ప్రామాణిక పరీక్ష కాదు. "శాటిస్‌ఫ్యాక్షన్" అన్నదాన్ని ఒకరు తృప్తి అంటారు, ఇంకొకరు సంతోషం అంటారు, వచ్చే మార్కులు మారిపోతాయి. ధ్రువీకరించిన అనువాదం లేకపోతే, అడిగిన తెలుగు వాక్యాన్ని ఫైలులో రాసి పెట్టండి. రెండోసారి కూడా అదే వాక్యంతో అడగండి.

పని చేస్తుండగా చూడటం

ఇప్పుడు అసలు ఘట్టం. "టీ పెట్టుకోగలరా?" అంటే అందరూ "ఆఁ, పెట్టుకుంటా" అంటారు. అబద్ధమేమీ కాదు, ఒకప్పుడు పెట్టేవారు. ఇప్పుడు పెట్టగలరా లేదా అన్నది స్టవ్ దగ్గరే తేలుతుంది.

పనిని వాళ్ళకు తెలిసినదిగా, వాళ్ళకు అవసరమైనదిగా ఎంచుకోండి. జీవితంలో ఎప్పుడూ వంటింట్లోకి వెళ్ళని మనిషిని టీ పెట్టమంటే కొత్త పని నేర్చుకోవడాన్ని పరీక్షించినట్టవుతుంది. ఆయనకు బస్సు ఎక్కడం, ఫారం నింపడం, బట్టలు ఉతుక్కోవడం పెట్టండి. వీలైతే ఆ పని నిజంగా జరిగే చోటే చూడండి. వార్డు వంటగదిలో తడబడ్డ మనిషి తన ఇంట్లో చక్కగా చేసుకోవచ్చు, అక్కడ చెంచా ఎక్కడుందో చేతికే తెలుసు. దీనికి తిరగబడ్డదీ జరుగుతుంది. వార్డు ప్రశాంతతలో చేసిన మనిషి, పిల్లలు, టీవీ, ఫోను మధ్య చేయలేకపోవచ్చు.

మొదలుపెట్టే ముందు కత్తులు, కత్తెరలు, సూదులు లెక్కపెట్టండి. అయ్యాక మళ్ళీ లెక్కపెట్టండి. లెక్క కుదిరేదాకా ఎవరినీ గది దాటనివ్వకండి. ఎంత తెలిసిన రోగి అయినా ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఆ తర్వాత కష్టమైన పని మీది: నోరు మూసుకోవడం. సాయం చేయాలని చేతులు దురద పెడతాయి. నేను మొదట్లో ప్రతి మౌనాన్నీ అసమర్థత అనుకుని చటుక్కున అందించేసేదాన్ని. నా రిపోర్టులన్నీ నా సామర్థ్యం గురించే ఉండేవి. ఆగినప్పుడు మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ కదలకపోతే అతి చిన్న సాయంతో మొదలుపెట్టండి. ముందు ఒక చూపు లేదా సైగ. తర్వాత "ఇప్పుడేం చేయాలి?" అన్న ప్రశ్న. తర్వాత "స్టవ్ వెలిగించండి" అన్న సూచన. తర్వాత చేసి చూపించడం. అన్నిటికన్నా చివర, అడిగి, చేయి పట్టుకుని చేయించడం. ఏ అడుగు దగ్గర ఏ మెట్టు సాయం కావాల్సి వచ్చిందో రాసుకోవడమే మీ కొలత.

ఏమేం చూడాలి? చెప్పిన వెంటనే మొదలుపెట్టారా, ఎదురుచూశారా. కావలసినవన్నీ ముందే తీసుకున్నారా, ప్రతిదానికీ తిరిగారా. పని మధ్యలో వేరే ఆలోచనకు, లోపల వినిపించే గొంతులకు పోయారా, పోతే తిరిగి తామే వచ్చారా. తప్పు జరిగినప్పుడు గమనించారా, గమనించి సరిచేశారా, గమనించి వదిలేశారా. ఈ మూడూ మూడు వేర్వేరు విషయాలు. సాయం అడిగారా. పని అయిందని ఎలా తెలుసుకున్నారు. స్టవ్ ఆపారా. పక్కనున్న మీకూ ఒక కప్పు పోశారా? ఇది ఏ ఫారంలోనూ ఉండదు, నేను మాత్రం తప్పకుండా చూస్తాను. ఎదుటి మనిషి ఉనికి తోస్తోందా లేదా అన్నది ఆ రెండో కప్పు చెప్తుంది.

రాసేటప్పుడు "సహకరించారు, ఏకాగ్రత తక్కువ" అని తేల్చేయకండి. ఇలా రాయండి: "నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టారు. వెలిగించకుండా నాలుగు నిమిషాలు నిలబడ్డారు. 'ఇప్పుడేం చేయాలి?' అని ఒకసారి అడగగానే వెలిగించారు. ఆ తర్వాత చివరిదాకా సాయం లేకుండా చేశారు. స్టవ్ ఆపడం మర్చిపోయారు, సైగతో గుర్తుచేస్తే ఆపారు." ఇది చదివిన డాక్టరుకు, ఇంట్లో ఒంటరిగా వదలొచ్చా లేదా అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

శబ్దాలకు, స్పర్శకు, గుంపుకు ఎలా స్పందిస్తున్నారో కూడా గమనించండి. ఆక్యుపేషనల్ థెరపిస్టు విన్నీ డన్ చెప్పిన నాలుగు తీరులు ఇక్కడ పనికొస్తాయి. కొందరికి సంకేతం ఆలస్యంగా అందుతుంది. కొందరు అనుభూతుల కోసం వెతుకుతారు. కొందరు చిన్నదానికే ఉలిక్కిపడతారు. కొందరు ముందే తప్పించుకుపోతారు. "గ్రూపుకు రారు" అని రాసిన మనిషికి ట్యూబ్‌లైటు గుయ్యిమనే శబ్దమే కష్టం కావచ్చు.

చావు మాట వస్తే

పని మధ్యలో, చేతులు ఏదో చేస్తున్నప్పుడే మనుషులు లోపలి మాట చెప్తారు. "ఇవన్నీ నేర్చుకుని ఏం లాభం, ఎలాగూ ఉండను" అంటే విననట్టు ఊరుకోకండి. సూటిగా అడగండి: "చనిపోవాలని ఆలోచిస్తున్నారా? ఎలా అన్నది కూడా ఆలోచించారా?" అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, వెంటనే బృందానికి చెప్పండి, రాయండి. డిప్రెషన్ తగ్గే దశలో ఒంట్లో సత్తువ ముందు వచ్చి, నిరాశ ఇంకా పోకపోవచ్చు. నిన్నటిదాకా లేవని మనిషి ఇవాళ చురుగ్గా ఉన్నాడని మనం సంబరపడే రోజుల్లోనే జాగ్రత్త కావాలి. ఉన్నట్టుండి వచ్చిన ప్రశాంతత, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం కనిపిస్తే ఆ రోజే చెప్పండి.

లక్ష్యం రాయడం

చూసినదంతా ఒక పేరాలోకి దించండి: ఏ పని ఆగింది, ఎందుకు ఆగిందని మీ ఊహ, ఏ బలం మిగిలి ఉంది, ముందు దేన్ని ముట్టుకుంటారు. తర్వాత లక్ష్యం. అందులో క్రియాపదం రోగిది కావాలి. "ఆత్మవిశ్వాసం పెంపొందించుట" లక్ష్యం కాదు, ఎవరూ కొలవలేరు. "మూడు వారాల్లో, వారానికి నాలుగు రోజులు, ఎవరూ లేపకుండా ఎనిమిదింటిలోపు లేచి స్నానం చేస్తారు" అన్నది లక్ష్యం.

కొలవడానికి గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ వాడుకోవచ్చు. కిరెసుక్, షెర్మన్ 1968లో మానసిక ఆరోగ్య సేవల కోసమే తయారుచేశారు. అనుకున్నది జరిగితే 0. అంతకన్నా మెరుగైతే +1, +2. తక్కువైతే -1, -2. ఐదు మెట్లనూ ముందే వాక్యాల్లో రాసి, రోగికి చదివి వినిపించండి. -2 దగ్గర ప్రస్తుత స్థితి పెడితే, కొంచెం మెరుగైనా కనిపిస్తుంది.

చేయించడం

1922లో సైకియాట్రిస్ట్ అడాల్ఫ్ మేయర్ ఆక్యుపేషన్ థెరపీ తాత్వికత గురించి రాస్తూ పని, ఆట, విశ్రాంతి, నిద్ర అన్న నాలుగు లయల సమతుల్యత గురించి చెప్పారు. ఆయనతో పనిచేసిన ఎలినార్ క్లార్క్ స్లాగిల్ ఏళ్ళ తరబడి వార్డుల్లో ఉండిపోయినవారికి రోజంతటినీ ఒక క్రమంలో పెట్టి అలవాట్లు నేర్పారు. నూరేళ్ళు దాటినా మన పని మూలం అదే. పద్ధతి మాత్రం జబ్బును బట్టి మారుతుంది.

డిప్రెషన్‌లో మనసు బాగుపడ్డాక పని చేద్దామని అందరూ ఎదురుచూస్తారు. అక్కడే ఇరుక్కుపోతారు. పని ముందు, మనసు తర్వాత. కానీ పని ఎంత చిన్నదంటే, వద్దనడానికే ఎక్కువ శ్రమ పట్టేంత చిన్నది కావాలి. నడకకు వెళ్ళమనకండి, చెప్పులు వేసుకుని గడప దాకా రమ్మనండి. రేపు గేటు దాకా. ప్రతి పని తర్వాత తృప్తి ఎంత, అలసట ఎంత అని మార్కులు వేయించండి. "ఏం చేసినా ఏమీ అనిపించదు" అనే మనిషి తాను వేసిన మార్కుల్లో 2కూ 4కూ తేడా తానే చూస్తారు.

స్కిజోఫ్రెనియాలో, ముఖ్యంగా చొరవ తగ్గిపోయినవారిలో, బతిమాలడం కన్నా పరిసరాన్ని మార్చడం ఎక్కువ పనిచేస్తుంది. మాత్రల డబ్బా బ్రష్ పక్కన. రేపటి బట్టలు రాత్రే కుర్చీ మీద. తలుపుకు పెద్ద అక్షరాలతో మూడు మాటలు. ఇంట్లోవాళ్ళు దీన్ని "చిన్నపిల్లాడిలా చూడటం" అనుకోవచ్చు. కళ్ళజోడు పెట్టుకున్నవారిని చూపించి అదీ ఇదీ ఒకటే అని చెప్పండి. వరసగా చాలా అడుగులున్న పని నేర్పాలంటే వెనకనుంచి నేర్పడం మేలు. మొదటి అడుగులన్నీ మీరు చేసి చివరి అడుగు వాళ్ళతో చేయిస్తే, ప్రతిసారీ పని పూర్తిచేసింది వాళ్ళే అవుతారు.

ఉన్మాద దశలో తిరకాసు వేరు: పనులు ఎక్కువ, పూర్తయ్యేవి తక్కువ. పది పదిహేను నిమిషాల్లో ముగిసే పని, ప్రశాంతమైన గది, తక్కువ వస్తువులు, తక్కువ మనుషులు. పోటీ ఆటలు వద్దు. ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి భయపడే పనిని మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు మీద భయం తగ్గేదాకా ఉండి పైకి వెళ్ళాలి.

గ్రూపు పెట్టాలంటే అందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడుకోమనకండి. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఆన్ మోసీ గ్రూపులకు చెప్పిన వరసలో మొదటి మెట్టు, పక్కపక్కన కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకోవడం. తర్వాత ఇద్దరు కలిసి కాసేపు ఒక పని. జిగురు డబ్బా ఇద్దరికీ ఒకటే పెట్టడం కన్నా మంచి సంభాషణ పాఠం నాకు తెలియదు.

ఉద్యోగం అడిగేవారికి "ముందు పూర్తిగా బాగవ్వండి" అని జవాబివ్వకండి. ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్ అనే పద్ధతిలో కోరుకున్నవారిని నిజమైన ఉద్యోగంలోకి ముందు ప్రవేశపెట్టి, శిక్షణ, సాయం అక్కడే కొనసాగిస్తారు. జబ్బు తీవ్రతను చూపి ఎవరినీ కాదనరు. ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చి తర్వాత ఉద్యోగం వెతికే పాత తీరు కన్నా ఇదే మెరుగని చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో తేలింది.

ఎవరైనా వరసగా మూడుసార్లు రాకపోతే ముందు మీ పనిని అనుమానించండి. మరీ కష్టమా, మరీ పిల్లల పనిలా ఉందా, సమయం మందుల మత్తులో పడుతోందా? "మోటివేషన్ లేదు" అన్నది ఇవన్నీ సరిచూశాకే రాయాలి. నేనైతే అప్పుడు కూడా రాయను.

డిశ్చార్జికి వారం ముందు

డిశ్చార్జి రోజు హడావిడిలో ఏదీ కుదరదు. వారం ముందే మళ్ళీ అవే సాధనాలతో, అదే పనితో, వీలైతే అదే సమయానికి కొలవండి. పెరగని అంశం ఉంటే దాచకండి, ఆ మెట్టు సాయం ఇంట్లో ఎవరు ఇస్తారో పేరుతో తేల్చండి. ఇంట్లోవాళ్ళకు సాయం మెట్లు నేర్పండి. పది లెక్కపెట్టడం వాళ్ళతో మీ ముందే సాధన చేయించండి, చెప్తే సరిపోదు.

చివరగా ఒకే పేజీ, రోగి మాటల్లోనే రాసింది, వాళ్ళ చేతికివ్వండి. ఎడమవైపు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఒక్కోదానికి ఒక తప్పనిసరి పని. కుడివైపు: మళ్ళీ తేడా మొదలవుతోందని తెలిపే మొదటి గుర్తులు. అవి పాఠ్యపుస్తకంలోవి అయి ఉండకూడదు. "రెండు రోజులు వరసగా గడ్డం గీసుకోకపోతే", "ఫోను ఎత్తడం మానేస్తే" లాంటివి, ఆ మనిషికి మాత్రమే వర్తించేవి. దాని కింద, అలా జరిగితే ముందు ఎవరికి చెప్పాలో, ఏ రోజు రావాలో. ఒక నకలు ఫైలులో పెట్టండి. మళ్ళీ ఓపీకి వచ్చినప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న మీకు తెలిసిందే: "నిన్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారు?"